డీసీసీ రైలుకు బల్ల కింద వేయవలసిన వైర్లు

బొమ్మ (మోడల్) రైళ్లను నడిపే పాత డీసీ పద్ధతిలో పట్టాలకిచ్చే వోల్టేజీని పెంచి తగ్గించి రైలును నడుపుతాము కనుక, ఒకే లైనుపై రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీలో, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్‌లో, పట్టాలపై ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, హెచ్.ఓ. స్కేలులో (అసలు రైలులో 87వ వంతు పరిమాణం) అది సుమారు 14 నుంచి 16 వోల్టులు. ఆజ్ఞలు ఆ విద్యుత్తులోనే సంకేతాలుగా వెళతాయి. ఇంజన్‌లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. దీనికి రెండు వైర్లు తగిలిస్తే చాలునన్న మాట బల్లమీది చిన్న వలయానికి నిజమే కాని, గదంత పట్టాల అమరికకు, అంటే లేఅవుట్‌కు చెల్లదు.

కారణం పట్టాలను కలిపే జాయినర్లు. చెన్నైలో, అందులోనూ సముద్రానికి దగ్గరి ఇళ్లలో, ఉప్పుగాలికి అవి త్వరగా చిలుము పట్టి విద్యుత్తును సరిగా అందించవు. అందుచేత బల్ల కింద ఒకటిన్నర లేదా రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) మల్టీస్ట్రాండ్ వైర్లను ఎరుపు, నలుపు జంటగా, లైను వెంబడే బస్‌గా, అంటే ప్రధాన వైర్లుగా, వేయాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో ఖరీదైన ప్రత్యేక వైరు అడగనక్కరలేదు, ఇంటి వైరింగ్‌కు వాడేదే సరిపోతుంది. ప్రతి పట్టా ముక్క నుంచీ అర స్క్వేర్ వైరును ఒక జానెడు మించకుండా దించి బస్‌కు టంకం వేయాలి. జాయినర్‌కే టంకం వేసి ముగించడం నాకు నచ్చదు. గోడవైపు పట్టాకు ఎరుపు అని ముందే నిర్ణయించుకుని చివరిదాకా పాటించాలి. ఈ నియమాన్ని ఒక్కచోట తప్పి, ఆ షార్ట్ వెతకడానికి నేను ఒక ఆదివారమంతా బల్ల కింద పడుకున్నాను.

తరువాత, ఇంజన్లన్నీ తీసేసి, ప్రతి రెండు మూడు అడుగులకు ఒక రూపాయి నాణెంతో రెండు పట్టాలనూ కలపండి. పట్టాలకు విద్యుత్తునిచ్చే బూస్టర్ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే అక్కడ వైరింగ్ బలహీనంగా ఉన్నట్లే. అలా ఆగకుండా షార్ట్ కొనసాగితే, 5 ఆంపియర్ల బూస్టర్ 15 వోల్టుల దగ్గర ఇచ్చే 75 వాట్లు ప్లాస్టిక్ బోగీని కరిగించడానికి చాలు.

రైలు తిరిగి అదే లైనుపైకి ఎదురు దిశలో వచ్చే లూప్ ఉంటే, దాని రెండు చివరలా రెండు పట్టాలనూ వేరుచేసి, ఆ భాగానికి, ఎరుపు, నలుపు వైపులను తానే తారుమారు చేసే ఆటో రివర్సర్ ద్వారా విద్యుత్తు ఇవ్వాలి. ఆ భాగం మీ పొడవైన రైలు కంటే పొడవుగా ఉండాలి.

అమెరికాలోని పిల్లలు పంపిన సెట్టయితే, ప్లగ్గులో పెట్టే ముందు అడాప్టరుపై రాసినది చదవండి. 120 వోల్టులకు మాత్రమే పనిచేసేది మన 230 వోల్టులకు కాలిపోతుంది. పాత డీసీ కంట్రోలరును అదే పట్టాలకు ఎన్నడూ కలిపి ఉంచరాదు.

పాత ఇంజన్‌లో డీకోడర్ అమర్చేటప్పుడు మోటారు బ్రష్షులు రెండూ చాసిస్‌కు తగలకుండా వేరుచేయాలి, లేకుంటే డీకోడర్ మొదటి క్షణంలోనే పోతుంది. ఎరుపు, నలుపు వైర్లు పట్టాలకు, నారింజ, బూడిద రంగువి మోటారుకు వెళ్లాలి. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3 కనుక, విడిగా ఉంచిన ప్రోగ్రామింగ్ ట్రాక్‌పై ఒక్కో ఇంజన్‌నే పెట్టి నంబరు మార్చండి. మెయిన్ లైనుపైనే ఆ పని చేస్తే అక్కడున్న ఇంజన్లన్నీ ఒకే నంబరుకు మారిపోవచ్చు.