గుండు మీది గీత, ఆకులోని ఈనె: ప్రకృతిలోని రంగుల అల్లికలను ఫొటో తీయడం ఎలా?

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్ట ఎక్కినవాళ్లు ఎక్కువగా తీసుకొచ్చే ఫొటో ఒకటే. ముందు గుండు (పెద్ద బండరాయి), వెనక గాజు టవర్లు. ఆ గుండుకే రెండు జానల దూరంలో కెమెరా పెట్టి చూడండి. గులాబీ ఫెల్‌స్పార్ పలుకులు, నల్లటి అభ్రకం చుక్కలు, వాటిని కోసుకుంటూ పోయే తెల్లటి క్వార్ట్జ్ గీత కనిపిస్తాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఫొటో చూసినవాళ్లు ‘ఇదేంటి, మ్యాపా?’ అని అడిగితే మీ పని కుదిరినట్టే. వస్తువు పేరు మరిచిపోయి గీత, రంగు, లయ మాత్రమే మిగలాలి.

ముందు తేల్చుకోవాల్సింది: గరుకా, రంగా?

ఈ రెండూ ఒకే వెలుగులో దొరకవు. చాలామంది ఫొటోలు చెడిపోయేది ఇక్కడే.

గరుకు కావాలంటే వెలుగు ఉపరితలాన్ని రాసుకుంటూ పోవాలి. అప్పుడే ప్రతి చిన్న బొడిపె వెనకా నీడ పడుతుంది. పరుపుబండకైనా, చెరువు నేలకైనా పొద్దు పొడిచాక మొదటి గంట, పొద్దు గుంకే ముందు గంట మంచివి. నిలువుగా ఉన్నవాటికి లెక్క తిరగబడుతుంది. చెట్టు మొదలును, గుండు పక్కభాగాన్ని నడినెత్తి ఎండే రాసుకుంటూ దిగుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు. ‘మిట్టమధ్యాహ్నం కెమెరా బయటకు తీయొద్దు’ అనే సలహా బెరడుకు వర్తించదు.

రంగు కావాలంటే నీడ గానీ మబ్బు గానీ ఉండాలి. ఎండలో ఆకు మీద, తడి రాయి మీద తెల్లటి మెరుపు వచ్చి అసలు రంగును కప్పేస్తుంది. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే లెన్సుకు తగిలించి, మెరుపు తగ్గేదాకా మెల్లగా తిప్పండి. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు పోతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) కాబట్టి షట్టర్ ఆ మేరకు నెమ్మదిస్తుంది. ఫిల్టర్ లేకపోతే తెల్ల గొడుగు పట్టుకున్నా చాలు. నల్ల గొడుగు మాత్రం వద్దు, వెలుగంతా మింగేస్తుంది.

కెమెరా సంగతి

ఫోను సరిపోతుంది. మాక్రో మోడ్ (చాలా దగ్గర్నుంచి తీసే సెట్టింగు) మోజులో రాయికి అంటుకుపోతే మీ నీడే ఫ్రేములో పడుతుంది. పైగా చాలా ఫోన్లలో ఆ మోడ్ అల్ట్రావైడ్ లెన్సుతో నడుస్తుంది, అంచులు సాగుతాయి. ఒక మూర వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. కెమెరా ఉన్నవాళ్లకు దాంతోపాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సు చాలు. 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందేంత దగ్గరికి వెళ్తే అరచేతి వెడల్పు ఫ్రేము నిండుతుంది. రాళ్ల మీద పొరలా పెరిగే లైకెన్ అంచు లాంటి సూక్ష్మాలకే 100 ఎంఎం మాక్రో లెన్సు కావాలి.

తీసే పద్ధతి

కెమెరా వెనకభాగం ఉపరితలానికి సమాంతరంగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 100 ఎంఎం మాక్రోతో అసలు సైజులో తీస్తే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్ 11 దగ్గర కూడా స్పష్టంగా ఉండేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందమే. కెమెరా కాస్త వాలితే ఒక మూల మసకబారుతుంది, అల్లిక తెగిపోతుంది. ఎఫ్ 8 నుంచి 11 వాడండి. 16 దాటితే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల మొత్తం మెత్తబడుతుంది.

క్లిక్‌మనిపించే ముందు నాలుగు అంచులూ చూడండి. చిన్న ఆకాశం ముక్క, గడ్డిపోచ, చెప్పు కొన ఏది దూరినా కన్ను అక్కడికే పోతుంది. అల్లిక అన్ని అంచులూ దాటి పోతున్నట్టు ఉంటే అది ఇంకా సాగుతోందనిపిస్తుంది.

ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగుల్ని కెమెరాయే సరిచేసే ఏర్పాటు) ఇక్కడ పనికిరాదు. ఫ్రేమంతా ఒకే రంగు ఉంటే కెమెరా దాన్ని తప్పనుకుని సరిచేసేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఎండలో 5500, నీడలో 7000 కెల్విన్ దగ్గర ఆపి, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ఫైలు) తీయండి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగు పూలను దగ్గర్నుంచి తీసేటప్పుడు ఎరుపు చానల్ ముందే నిండిపోతుంది. రేకుల మీది గీతలు పోయి నారింజ ముద్ద మిగులుతుంది. ఎక్స్‌పోజర్ మైనస్ మూడింట రెండుకి దించి, హిస్టోగ్రాములో (వెలుగు పంపిణీని చూపే గ్రాఫులో) ఎరుపును విడిగా చూసుకోండి.

ఏం తీయాలి?

లైకెన్‌తో మొదలుపెట్టండి. బిర్యానీ మసాలాలో పడే రాతిపువ్వు వీటి చుట్టమే. ఎండిన లైకెన్ బూడిద రంగులో ముడుచుకుని ఉంటుంది. మామూలు నీళ్లు స్ప్రే చేసి ఒకట్రెండు నిమిషాలు ఆగితే పై పొర పారదర్శకమై లోపలి శైవలం (నాచులాంటి జీవి) పచ్చదనం బయటపడుతుంది. ముందూ తర్వాతా ఒకే చోటి నుంచి తీసి చూడండి, రెండూ ఒకటేనంటే నమ్మలేరు. గోకి మాత్రం చూడొద్దు. పెరిగేది ఏడాదికి మిల్లీమీటర్లలోనే. గుండ్ల మీద పైనుంచి కిందికి జారే నల్లటి చారలు వాననీటి దారిలో పెరిగిన సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. వాన వెలిసిన అరగంటలో ఆ నలుపు, పక్కనే తడిసిన గులాబీ రాయి పోటీపడి కనిపిస్తాయి.

గుట్టదాకా వెళ్లలేనివాళ్లకు పెరట్లో జామచెట్టుంది. పెచ్చులూడిన చోట పచ్చ, పక్కన గోధుమ, పాతచోట బూడిద రంగు ఉంటాయి. అరటాకైతే సూర్యుడు ఆకు వెనక ఉండాలి. గాలికి ఊగుతుంది కాబట్టి షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గనివ్వకండి, కాడను కర్రకు ఆనించి బట్టల క్లిప్పు పెట్టండి. జూన్, జూలై గాలికి అదీ ఆగకపోతే పొద్దున్నే వెళ్లడం తప్ప దారి లేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువుల్లో నేల నెర్రెలిస్తుంది. కొత్త నెర్రెల అంచులు అప్పడంలా పైకి లేస్తాయి, అవే తీయాలి. పైన పెచ్చు గట్టిగా కనిపించినా లోపల బురద ఉండొచ్చు. కర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి. గుట్టల మీద బండ సందుల్లో చెయ్యి పెట్టకండి, తేళ్లు, పాములు ఉంటాయి. గుండు కింద తేనెపట్టు వేలాడుతుంటే ఆ వైపు వెళ్లొద్దు.

హైదరాబాద్‌లోని దుర్గం చెరువు నీటిలో ప్రతిబింబాలు తీసేటప్పుడు ఆటోఫోకస్ తేలే ఆకునో నురగనో పట్టుకుంటుంది. కావాల్సింది ప్రతిబింబమైతే ఎదుటి ఒడ్డు మీద ఫోకస్ పెట్టి, లాక్ చేసి, కెమెరాను నీటివైపు దించండి. 1/500 దగ్గర రంగులు ముక్కలుముక్కలుగా విరుగుతాయి. సెకనులో నాలుగో వంతు ఇస్తే పట్టుచీర అంచులా సాగుతాయి. ఎంతో తీసి చూస్తేగానీ ఒకటి దక్కదు. కాబట్టి కార్డులో చోటుంచుకుని వెళ్లండి.