నిమ్ముకు మందులు వాడుతున్నా జ్వరం దిగడం లేదా? ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో చూడాలి

ఇంజక్షన్లు మొదలుపెట్టి మూడో రోజు. పొద్దున కాస్త తేరుకున్నట్టే ఉంటారు, సాయంత్రానికి జ్వరం మళ్లీ 102. ఇలాంటప్పుడు మందు మార్చమనే ముందు డాక్టర్‌ని అడగాల్సింది ఒకటుంది: ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా?

ఊపిరితిత్తిని కప్పి ఉండే రెండు పొరల మధ్య మామూలుగా రెండు మూడు చెంచాల నీరే ఉంటుంది. నిమ్ము (న్యుమోనియా) వాపుకు అక్కడ నీరు ఊరుతుంది. చాలామందిలో అది యాంటీబయాటిక్‌లతోనే ఇంకిపోతుంది. క్రిములు అందులోకి దిగితే మాత్రం కొద్ది రోజుల్లోనే చిక్కబడి, గదులు గదులుగా తెరలు కట్టి, చీముగా మారుతుంది. చీము పట్టాక ఎంత ఖరీదైన ఇంజక్షనైనా ఒక్కటే సరిపోదు, దాన్ని బయటికి తీయాల్సిందే.

ఊపిరి గట్టిగా పీల్చినా, దగ్గినా డొక్కలో పొడిచినట్టు నొప్పి వస్తుంది. ఆ నొప్పి తగ్గి ఆయాసం పెరిగితే నయమవుతోందని అనుకోకండి. నీరు పెరిగి, రాసుకుంటున్న పొరలు దూరం జరిగినా నొప్పి తగ్గుతుంది.

ఎక్స్‌రే వీలైతే నిలబెట్టి తీయించాలి. పడుకోబెట్టి తీస్తే నీరు వీపు వైపు పరుచుకుని సరిగా తెలియదు. నిలబెట్టి తీసినా సుమారు 200 మి.లీ. చేరితేగానీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కింది మూల మొద్దుబారినట్టు కనపడదు. అందుకే అనుమానం ఉంటే ఛాతీకి అల్ట్రాసౌండ్ చేయించాలి. కొద్ది నీరున్నా, లోపల తెరలున్నా అందులో తెలుస్తుంది. నీటి మందం 1 సెం.మీ. లోపుంటే సాధారణంగా సూది పెట్టరు, మందులు వాడుతూ మళ్లీ చూస్తారు. అంతకు మించితే సూదితో తీసి పరీక్షకు పంపుతారు.

ఆ రిపోర్టులో చూడాల్సినవి: పీహెచ్ (నీరు ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె) 7.2 కంటే తక్కువా, గ్లూకోజ్ (చక్కెర) 60 mg/dL కంటే తక్కువా, క్రిములు కనిపించాయా. వీటిలో ఏ ఒక్కటున్నా సాధారణంగా నీరు బయటికి తీయడానికి ఛాతీలోకి ట్యూబ్ వేస్తారు. సూదిలోకి చీము వస్తే పీహెచ్ కోసం ఆగనక్కర్లేదు. పీహెచ్ శాంపిల్‌ను హెపారిన్ (గడ్డకట్టకుండా చూసే మందు) ఉన్న సిరంజిలో గాలి లేకుండా తీసి, వెంటనే ఏబీజీ మెషీన్‌లో (రక్తంలో వాయువులు, పీహెచ్ కొలిచే యంత్రం) పెట్టాలి. గాలి కలిస్తే అంకె పెరుగుతుంది, సూది గుచ్చే చోట ఇచ్చే మత్తుమందు కలిస్తే తగ్గుతుంది. ఏడీఏ (టీబీ అనుమానంతో ఆ నీటిలో కొలిచే ఎంజైమ్) 40 దాటిందని వెంటనే టీబీ అని తేల్చేయకూడదు, మామూలు చీములో కూడా అది పెరుగుతుంది. నీటిలోని తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లనే రకం ఎక్కువుంటే టీబీ అనుమానం బలపడుతుంది. న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువుంటే చాలావరకు నిమ్ము వల్ల వచ్చిందే.

ట్యూబ్ వేశాక పక్కనుండేవాళ్ల పని మొదలవుతుంది. ట్యూబ్ రెండో కొసను కొన్ని నీళ్లు పోసిన బాటిల్‌కి కలుపుతారు. ఆ బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే, నిటారుగా ఉండాలి. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద పేషెంట్ పక్కన పెట్టేస్తుంటారు, అలా పెట్టనివ్వకండి. నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి. బాటిల్ లోపలి గొట్టం కొస నీళ్లలో 2 సెం.మీ. మునిగి ఉండాలి. ఊపిరికి తగ్గట్టు గొట్టంలో నీటిమట్టం పైకీ కిందికీ ఆడుతుంటే దారి తెరిచి ఉన్నట్టు. ఆడకపోతే ముందు ట్యూబ్ నడుం కింద నలిగిందేమో, మెలిపడిందేమో చూడండి. బాగానే ఉంటే అడ్డుపడి ఉండొచ్చు, నర్సుకు చెప్పండి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నా ఆట ఆగుతుంది, తేడా డాక్టరే చెప్పాలి.

రోజూ ఒకే టైముకి బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి, తేదీ, టైము రాయండి. మొదట పోసిన నీళ్లను లెక్కలోంచి తీసేయాలి. 500 మి.లీ. పోసిన బాటిల్‌లో ఇప్పుడు 820 ఉంటే వచ్చింది 320. ట్యూబ్ వేయగానే గబగబా వస్తుంటే, లీటరున్నర దాటకముందే ఆపడం డాక్టర్ల పద్ధతి. నలిగిపోయిన ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అందులోకే నీరు చేరే ప్రమాదముంది. ఆ సమయంలో దగ్గు, ఛాతీ పట్టేసినట్టుంటే వెంటనే చెప్పండి.

బాటిల్‌లో బుడగలు వస్తున్నాయంటే గాలి బయటికి వస్తోందని అర్థం. అప్పుడు ట్యూబ్‌ను నొక్కి మూసే క్లాంప్ వేస్తే ఆ గాలి లోపలే చిక్కుకుని ప్రాణం మీదికి తెస్తుంది. ట్యూబ్ ఊడి బయటికొస్తే రంధ్రం మీద శుభ్రమైన గాజ్ (కట్టు కట్టే గుడ్డ) అదిమి పట్టి నర్సును కేకేయండి. ఊడిన ట్యూబ్‌ను లోపలికి తోయకండి.

తెరలు కట్టిన చీము ట్యూబ్‌లోంచి రాకపోతే దాన్ని కరిగించే మందు ట్యూబ్ ద్వారా ఎక్కిస్తారు. దానికీ లొంగకపోతే కెమెరా ఆపరేషన్ చేస్తారు. వారాలు గడిస్తే తెర మందంగా మారి ఊపిరితిత్తిని బిగించేస్తుంది. అందుకే సర్జన్‌ని పిలవమని అడగడానికి మొహమాటపడొద్దు.

ట్యూబ్ ఉన్నా నొప్పి మాత్ర ఇప్పించి లేపి కూర్చోబెట్టండి, మూడు బంతుల స్పైరోమీటర్‌తో (ఊపిరి వ్యాయామం చేయించే పరికరం) మెలకువగా ఉన్నప్పుడు గంటకు పది సార్లు ఊపిరి పీల్పించండి. ఊదడం కాదు, పీల్చడం. చీము పట్టినవాళ్లకు యాంటీబయాటిక్‌లు కొన్ని వారాలు పడతాయి, జ్వరం పోయిందని మధ్యలో ఆపకూడదు. ఇంటికెళ్లాక జ్వరం తిరగబెట్టినా, ఆయాసం పెరిగినా, ట్యూబ్ తీసిన చోట చీము కారినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు చూపించండి. పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గినా 108కి ఫోన్ చేయండి.