ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు నెల జీతంలోనే చోటు పెట్టడం

నెల బడ్జెట్ వేసుకున్న ఇళ్లలో చాలావాటిలో ఆ కాగితం మూడో నెలకే మూలపడుతుంది. దానికి దుబారా ఒక్కటే కారణం కాదు. అద్దె, పాలు, కూరగాయలు, కరెంటు, పెట్రోలు అన్నీ రాసుకుంటారు. జూన్‌లో స్కూలు ఫీజు, దసరా బట్టలు, సంక్రాంతికి ఊరి ప్రయాణం, బండి బీమా మాత్రం అందులో ఉండవు. అవి వచ్చిన నెలలో చేబదులో, క్రెడిట్ కార్డో దిక్కవుతుంది. ఆ తర్వాత రెండు నెలలు దాన్ని తీర్చడానికే సరిపోతుంది. కాబట్టి నెల లెక్క కంటే ముందు ఏడాది లెక్క వేయండి.

జాబితా రాయడం

గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ దింపుకుని, 2,000 దాటిన ప్రతి ఖర్చు దగ్గరా ఆగండి. నెలనెలా వచ్చేది కాకపోతే జాబితాలోకి ఎక్కించండి. స్టేట్‌మెంట్‌లో తేలికగా కంటికి ఆననివి రెండున్నాయి. ఒకటి పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు. ఇవి ఎక్కువగా నగదుగానే పోతాయి. రెండోది వేసవిలో ఏడాదికి సరిపడా కొనే కారం, చింతపండు, పప్పులు, ఆవకాయ సామాను. ఈ రెండూ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితేనే బయటపడతాయి.

ఒక కుటుంబం లెక్క ఇలా ఉందనుకోండి: స్కూలు ఫీజు 50,000, ఆరోగ్య బీమా 24,000, బండి బీమా, సర్వీసు కలిపి 8,000, సంక్రాంతి ప్రయాణం 14,000, దసరా 12,000, వేసవి సరుకులు 12,000, చదివింపులు 12,000. మొత్తం 1,32,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 11,000. జీతం 60,000 అయితే ఆ ఇంటి అసలు ఆదాయం 49,000 అన్నమాట. ఈ అంకె చూశాక చాలామందికి గుండె గుభేలుమంటుంది గానీ, తెలియక అప్పు చేయడం కంటే తెలిసి సర్దుకోవడమే నయం.

డబ్బు ఎక్కడ పెట్టాలి

కనీస నిల్వ అడగని వేరే సేవింగ్స్ ఖాతా ఒకటి తెరవండి. దాన్ని ఫోన్‌లో యూపీఐకి కలపవద్దు, డెబిట్ కార్డు బీరువాలో పెట్టేయండి. ఇదే అసలు కిటుకు. ఫోన్‌లో కనిపించే డబ్బు ఎవరి చేతిలోనూ నిలవదు. జీతం పడిన మర్నాటికి 11,000 అందులోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. జీతం ఒకటి రెండు రోజులు ఆలస్యమయ్యే ఉద్యోగమైతే తేదీని అయిదుకు మార్చుకోండి. ఖాతాలో డబ్బు లేనప్పుడు బదిలీ విఫలమైతే కొన్ని బ్యాంకులు ఛార్జీ కూడా వేస్తాయి.

ఈ డబ్బును చీటీలో వేయవద్దు. చీటీ పొదుపు అలవాటు చేస్తుంది, నిజమే. కానీ ఫీజు కట్టే నెలలో పాట మీకే దక్కుతుందన్న భరోసా లేదు, దక్కినా పాటలో తగ్గించుకున్న సొమ్ము పోతుంది. వాయిదా తేదీ తెలిసిన ఖర్చుకు చీటీ సరిపడదు.

మొదలుపెట్టడానికి జూలై మంచి నెల. ఫీజు అప్పటికే కట్టేసి ఉంటారు, దసరాకి మూడు నాలుగు వాయిదాలు పోగవుతాయి. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్ నాటికి చేరేది 33,000. అందులో వేసవి సరుకులకు 12,000 పోతే మిగిలేది 21,000. ఫీజు సగం కట్టాలన్నా 25,000 కావాలి. ‘ఈ పద్ధతి పనిచేయదు’ అని వదిలేసేవాళ్లలో చాలామంది ఇలాంటి చోటే ఆగిపోతారు. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టక తప్పకపోతే ఆ లోటు 4,000ను ఆ మూడు నెలలకే పంచి అదనంగా వేయండి.

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో అడిగే కనీస మొత్తం, మాత్రమే కడుతుంటే మిగతా బాకీ మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడే కార్డులు చాలా ఉన్నాయి. పైగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది.

రాత్రి మూడు నిమిషాలు

రోజు ఖర్చుకు గీతల పుస్తకం చాలు. నాలుగు గడులు: తేదీ, దేనికి, ఎంత, గుర్తు. ఆ రోజుది ఆ రాత్రే రాయాలి, భోజనాలయ్యాక. యూపీఐ చరిత్ర ఉంది కదా, ఆదివారం ఒకేసారి రాసుకుందాం అనుకుంటే కుదరదు. చిన్న దుకాణాల చెల్లింపుల్లో తరచుగా యజమాని సొంత పేరే కనిపిస్తుంది. మూడు రోజుల తర్వాత ఆ 340 రూపాయలు మందులకా, పళ్లకా అన్నది గుర్తురాదు. చెల్లించేటప్పుడే నోట్ గడిలో ‘పాలు’, ‘మందులు’ అని ఒక ముక్క కొడితే రాత్రి పని సగమవుతుంది.

నాలుగో గడిని వారం రోజులు ఖాళీగా వదలండి. వారం తర్వాత ప్రతి ఖర్చునూ చూసి, మళ్లీ అవకాశమొస్తే ఇదే పెడతారా అని అడిగి, అవునంటే టిక్కు, కాదంటే ఇంటూ పెట్టండి. కొన్న రోజే పెడితే అన్నీ టిక్కులే పడతాయి. నెలాఖరున ఇంటూల మొత్తం కూడండి. స్నేహితుడితో తాగిన టీకి సాధారణంగా టిక్కే పడుతుంది, దాని జోలికి పోవద్దు. ఇంటూలు పడేది ఎక్కువగా చూడని ఓటీటీలకు, ఆకలి లేకుండా ఆర్డర్ చేసినవాటికి. ఓటీటీలకు యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి వాటి మాండేట్‌ను, అంటే డబ్బు దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, రద్దు చేయండి. డబ్బు కోసుకునే ముందు కనీసం 24 గంటల వ్యవధితో మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్‌లను చదవకుండా తుడిచేయకండి.

ఒక మాట. ఈ పుస్తకం భార్యను భర్త, భర్తను భార్య నిలదీసే కాగితంగా మారిన రోజే ఖర్చులు దాచడం మొదలవుతుంది. ఎవరి ఖర్చుకు వాళ్లే టిక్కో, ఇంటూనో పెట్టుకోవాలి. ఇద్దరికీ లెక్క చెప్పక్కర్లేని సొమ్ము నెలకు కొంత, చెరో వెయ్యి అయినా, విడిగా ఉండాలి.

డబ్బుతో సమయాన్ని కొనడం

పొదుపు లెక్కల్లో సమయానికి ధర కట్టడం మరిచిపోతాం. ఆఫీసుకు దగ్గరి ఇల్లు 4,000 ఎక్కువ అద్దె అనుకోండి. ప్రయాణం ఒక్కో వైపు 75 నిమిషాల నుంచి 30కి తగ్గితే, నెలకు 24 పనిరోజుల్లో 36 గంటలు మిగులుతాయి. ఒక్కో వైపు 15 కిలోమీటర్లు తగ్గితే నెలకు 720 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి అది 16 లీటర్లు, లీటరు 107 అనుకుంటే సుమారు 1,700 రూపాయలు. అదనపు అద్దెలో అది పోగా మిగిలే 2,300ను 36 గంటలతో భాగిస్తే గంటకు పడే అసలు ధర సుమారు 64 రూపాయలు. పిల్లల చదువు దగ్గర కూర్చోవడానికి, సాయంత్రం నడకకు, నిద్రకు ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఆ గంటలు ఫోన్‌కే పోతాయని ముందే తెలిస్తే మాత్రం ఇల్లు మారకండి.

పుస్తకం నాలుగైదు రోజులు తప్పితే వెనక్కి తవ్వవద్దు. ఖాతాలో, పర్సులో తగ్గిన మొత్తాన్ని ‘వివరం లేదు’ అని ఒకే గీతలో రాసి ఆ రాత్రి నుంచి కొనసాగించండి. జూలైలో ఏడాది జాబితాను మళ్లీ తీసి, కొత్త ఫీజు రసీదు, బీమా ప్రీమియం పక్కన పెట్టుకుని, నెల వాయిదాను సవరించండి.