హెన్రీ ఇర్వింగ్ ఉత్తరాలు ఎలా చదవాలి: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

పాతకాలపు ఇంగ్లీషు రంగస్థల నటుడు హెన్రీ ఇర్వింగ్ సంతకంతో ఉన్న ఉత్తరం ఒకటి మీ కంటపడితే ముందు దస్తూరి చూడండి, విషయం తర్వాత చూడొచ్చు. ఈ అలవాటు లేకపోతే ఎవరో గుమాస్తా రాసిన వాక్యాన్ని పట్టుకుని ఇర్వింగ్ మనసు ఇలాంటిదని తేల్చేసుకుంటాం. ఆయన విషయంలో ఇది చాలా తేలిగ్గా జరిగే పొరపాటు, ఎందుకో చెప్తాను.

ఇర్వింగ్ 1838లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో పుట్టాడు, అసలు పేరు జాన్ హెన్రీ బ్రాడ్రిబ్. 1871 నవంబరు 25న లండన్ లైసియం థియేటర్‌లో 'ద బెల్స్' నాటకంతో రాత్రికి రాత్రే పేరొచ్చింది, 1878లో ఆ థియేటర్‌నే తన చేతుల్లోకి తీసుకున్నాడు. యాక్టర్-మేనేజర్ అంటే ఇదే. మన సురభి నాటకాలు చూసినవాళ్లకు వేరే వివరించక్కర్లేదు, వేషం కట్టే మనిషే నాటక సమాజాన్నీ నడుపుతాడు, జీతాలు, తెరలు, అద్దెలు, టికెట్లు అన్నీ ఆయన నెత్తినే. అందుకే ఆయన ఉత్తరాల్లో కళ గురించి కబుర్లే ఉంటాయనుకుని వెళ్తే నిరాశ పడతారు. పాస్ అడిగేవాళ్లు, వేషం అడిగేవాళ్లు, తమ నాటకం వేయమని పంపేవాళ్లు, చందా అడిగేవాళ్లు, విందుకు పిలిచేవాళ్లు, వీళ్లందరికీ జవాబులు పోవాలి. ఒక్క మనిషి రోజంతా కూర్చున్నా తెమలని పని అది, అందులోనూ రాత్రి హామ్లెట్ వేయాల్సిన మనిషి.

ఆ పని చేసింది బ్రామ్ స్టోకర్. 1897లో 'డ్రాక్యులా' రాసిన స్టోకరే. డబ్లిన్‌లో ప్రభుత్వ ఉద్యోగం వదిలి 1878లో ఇర్వింగ్ దగ్గర మేనేజర్‌గా చేరి, 1905 అక్టోబరు 13న బ్రాడ్‌ఫర్డ్‌లో ఆయన కన్నుమూసేదాకా ఉన్నాడు. ఇర్వింగ్ కోసం తాను రాసిన ఉత్తరాలు 5 లక్షల దాకా ఉంటాయని తర్వాత తనే లెక్క కట్టుకున్నాడు. ఇది కాస్త పెంచి చెప్పిన లెక్క అనుకున్నా, రాయసం ఎంత ఉండేదో అర్థమవుతుంది. ఇతను కాక లూయీ ఆస్టిన్ అనే సెక్రటరీ కూడా ఇర్వింగ్ తరఫున ఉత్తరాలు, ఉపన్యాసాలు రాసిపెట్టేవాడు. కాబట్టి చక్కగా, అలంకారంగా, పేరాలు పేరాలుగా సాగే ఉత్తరం కనిపిస్తే ముందు అనుమానించండి. ఇర్వింగ్ సొంత దస్తూరి చదవడం చాలా కష్టం, అక్షరాలు సాగి గీతలైపోతాయి. ఉత్తరం మొత్తం ఒక చేతిలో ఉండి సంతకం మాత్రం ఇంకో చేతిలో ఉంటే మీ నోట్సులో ఆ సంగతి మొదటి లైనులోనే రాసుకోండి. అలాగని ఆ ఉత్తరం పనికిరాదని కాదు, ఆఫీసు ఎలా నడిచిందో తెలుసుకోవడానికి అదే బంగారం. ఇర్వింగ్ మనసు తెలుసుకోవడానికి మాత్రం దాన్ని వాడకండి.

ఇక తేదీ. కొత్తవాళ్లు ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే, ఎందుకంటే చాలా ఉత్తరాల మీద 'మంగళవారం' అనో 'మంగళవారం, మార్చి 6' అనో ఉండి సంవత్సరం ఉండదు. అది నిర్లక్ష్యం కాదు. అప్పటి లండన్‌లో పోస్టుమ్యాన్ రోజుకు చాలాసార్లు వచ్చేవాడు, పొద్దున రాసింది సాయంత్రానికి చేరేది, అలాంటప్పుడు సంవత్సరం ఎవరు రాస్తారు? సంవత్సరం మనమే రాబట్టాలి, దానికి మూడు పనిముట్లు చాలు: పాత క్యాలెండరు, చిరునామా, ఇర్వింగ్ ఎప్పుడు ఎక్కడున్నాడో చెప్పే జాబితా.

ఊరికే ఉదాహరణకు, గ్రాఫ్టన్ స్ట్రీట్ చిరునామాతో, 'మంగళవారం, మార్చి 6, ఈ రాత్రి నాటకం అయ్యాక రండి' అని ఉత్తరం ఉందనుకుందాం. 1878 నుంచి 1905 లోపల మార్చి 6 మంగళవారం అయింది నాలుగేళ్లలోనే: 1883, 1888, 1894, 1900. ఇర్వింగ్ 15ఏ గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో 1872 నుంచి 1899 దాకా ఉన్నాడు, ఆ తర్వాత స్ట్రాటన్ స్ట్రీట్‌కు మారాడు. అంటే 1900 పోయింది. ఆయన కంపెనీ 1883 నుంచి 1904 మధ్య ఎనిమిదిసార్లు అమెరికా వెళ్లింది, అందులో 1887-88 టూరు, 1893-94 టూరు రెండూ మార్చిలోకి సాగాయి. 1888 మార్చి 19న వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో 'మర్చంట్ ఆఫ్ వెనిస్' ఆడారు కూడా. కాబట్టి ఆ రెండేళ్లలోనూ మార్చి 6న లండన్‌లో 'ఈ రాత్రి రండి' అనే వీలే లేదు. మిగిలింది 1883, అప్పుడు లైసియంలో 'మచ్ అడో అబౌట్ నథింగ్' నడుస్తోంది. పావుగంట పని, కానీ ఆ సంవత్సరం ఖాయమైన క్షణంలో కలిగే ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకో మంచి గుర్తు బిరుదు. 1895లో ఇర్వింగ్‌కు సర్ బిరుదు వచ్చింది, ఇంగ్లండ్‌లో ఒక నటుడికి నాటకరంగం తరఫున ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆయనకు వచ్చిన ఉత్తరం 'డియర్ సర్ హెన్రీ' అని మొదలైతే అంతకంటే ముందుది కాదు. 'డియర్ మిస్టర్ ఇర్వింగ్' అని ఉంటే దాదాపుగా అంతకు ముందుదే. అంకెల్లో రాసిన తేదీతో మాత్రం జాగ్రత్త, 6/3 అని ఇంగ్లండ్ మనిషి రాస్తే మార్చి 6, అదే అమెరికా మనిషి రాస్తే జూన్ 3. ఆయనకు రెండు చోట్ల నుంచీ ఉత్తరాలు వచ్చేవి.

పిలుపుల్లో మనం తెలుగువాళ్లం పొరబడే చోటు ఒకటుంది. 'మై డియర్ ఇర్వింగ్' అని ఇంటిపేరుతో పిలిస్తే మనకు అది మర్యాద తక్కువగానో ముక్తసరిగానో అనిపిస్తుంది. ఆ కాలపు మగవాళ్ల మధ్య అది దగ్గరితనానికి గుర్తు, మిస్టర్ పెట్టారంటేనే దూరం. ఒకే మనిషి రాసిన ఉత్తరాల్లో మిస్టర్ ఎప్పుడు పోయిందో కనిపెడితే స్నేహం ఎప్పుడు కుదిరిందో తెలిసిపోతుంది. అలాగే టెలిగ్రాం పొడిగా ఉందని కోపం అనుకోకండి. 1885 నుంచి ఆరు పెన్నీలకు 12 మాటలే, అందులో చిరునామా కూడా లెక్కే.

మాటల్లో కొన్ని ముందే తెలిసుంటే మేలు. 'ఇన్‌స్ట్.' అంటే ఈ నెల, 'అల్ట్.' అంటే పోయిన నెల, 'ప్రాక్స్.' అంటే వచ్చే నెల. 'హౌస్' అంటే ఆ రాత్రి వచ్చిన జనం. 'ఆర్డర్' అంటే ఫ్రీ పాస్, 'పేపర్' అన్నా అవే పాసులు. 'బెనిఫిట్' అంటే ఒకరి సహాయార్థం వేసిన ఆట. 'చీఫ్' అని కంపెనీవాళ్లు అంటే ఇర్వింగే. డబ్బు లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు.

ఎక్కడ దొరుకుతాయి అంటే, హెన్రీ ఇర్వింగ్ ఫౌండేషన్ తరఫున ఆయన ఉత్తరాల జాబితా ఆన్‌లైన్‌లో ఉంది, ముందు అక్కడ వెతకండి. అసలు కాగితాలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నాటక విభాగంలో, షేక్స్‌పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో స్టోకర్ సేకరణగా, అమెరికాలో ఫోల్జర్ లాంటి లైబ్రరీల్లో చెదిరి ఉన్నాయి. స్టోకర్ 1906లో వేసిన రెండు సంపుటాల జ్ఞాపకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అవి పక్కన తెరిచి పెట్టుకుని చదవండి, కానీ స్టోకర్‌కు ఇర్వింగ్ దేవుడు అన్న సంగతి మర్చిపోకుండా చదవండి.

నకలు రాసుకునేటప్పుడు అర్థంకాని మాట దగ్గర ఊహించి నింపకుండా చదరపు బ్రాకెట్లో చుక్కలు పెట్టి ముందుకు వెళ్లిపోండి. అదే చేతితో రాసిన ఇంకో పది ఉత్తరాలు చదివాక వెనక్కి వస్తే సగం చుక్కలు వాటంతట అవే మాటలైపోతాయి.

చివరిగా, దొరికింది కదా అని మొత్తం ఉత్తరాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టేయకండి. బ్రిటన్ చట్టం ప్రకారం అప్పటి ఉత్తరాల్లో అచ్చుకాకుండా ఉండిపోయినవాటికి 2039 చివరిదాకా కాపీరైట్ ఉండొచ్చు, ఆ హక్కు కాగితం దాచిన లైబ్రరీది కాదు, రాసిన మనిషి వారసులది. లైబ్రరీకి మెయిల్ రాస్తే అనుమతికి ఎవరిని అడగాలో చెప్తారు. ఆ మెయిల్‌లో ఉత్తరం కేటలాగ్ నంబరు తప్పకుండా ఇవ్వండి.