సంకేత చీటీ విడిపోవడం లేదా? లక్షణాన్ని బట్టి విప్పండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ట్రెజర్ హంట్‌లో చేతికొచ్చిన చీటీ అర్థం కాకపోతే, అక్షరాలు మార్చే ముందు గుణింతాలూ ఒత్తులూ చూడండి. హల్లు మారినా అవి చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. దగ్గర్లోని ఊళ్లు, గుళ్ల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

సమస్య: అక్షరం విడిచి అక్షరం ‘క’

ఇది పిల్లల క-భాష. ‘కకాకశీకబుకగ్గ’లో 1, 3, 5, 7 స్థానాల్లోని ‘క’లే కొట్టేయాలి, కాశీబుగ్గ వస్తుంది. కనిపించిన కకారమల్లా తీసేస్తే ‘శీబుగ్గ’ మిగులుతుంది.

సమస్య: పలకడానికి వస్తోంది, అర్థం లేదు

‘అలహశవ్వి’ అని ఉందనుకోండి. కారణం: ప్రతి హల్లునూ వర్ణమాలలో ఒకే దూరం జరిపారు. అచ్చు ‘అ’, చివరి గుడి (ఇకారపు గుర్తు), ద్విత్వం కదల్లేదు. అయిదు అక్షరాలుండి, చివర ద్విత్వానికి గుడి ఉన్న పేరు మీ కాగితంలో వెతికితే అరసవల్లి దొరుకుతుంది. అంతటితో ఆగకండి, ప్రతి జతనూ సరిచూడండి: ర-ల, స-హ, వ-శ, ల-వ. అన్నిటికీ దూరం ఒకటే, అంటే చీటీ తాళం (ఎంత దూరం జరిపారన్న అంకె) దొరికినట్టే. ఏ పేరూ అతకకపోతే వరసగా జరపాలి. క నుంచి ళ దాకా 34 హల్లులు, కాబట్టి 33 ప్రయత్నాలకు మించవు. ళ దాటి మళ్లీ క దగ్గరికి తిరిగే అక్షరాలే తప్పుతుంటే, రాసినవారు చివర క్ష, ఱ కూడా లెక్కపెట్టి ఉంటారు.

అదే చీటీ ‘అఱహశళ్ళి’ అని వస్తే జరిపింది కంప్యూటర్. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలను పేర్చుకునే వరసలో, ర తర్వాత ఱ, ల తర్వాత ళ ఉంటాయి. న-ప మధ్య ఒక గడి ఖాళీ, అందుకే నరసన్నపేటను ఒక స్థానం జరిపితే ‘న’ ఉండాల్సిన చోట డబ్బా కనిపిస్తుంది. బడి వరస పక్కన పెట్టి యూనికోడ్ వరసలోనే వెనక్కి రండి.

సమస్య: మొదట్లోనే చుక్కల వలయం, దానికో గుడి

‘ిలిబ్బొబ’. మాటను కంప్యూటర్‌తో తిరగేశారు, గుణింతపు గుర్తులు హల్లుల నుంచి విడిపోయాయి. హల్లు, గుర్తు, పొల్లు వేటికవి విడదీసి రాసుకుని చివరి నుంచి చదవండి: బొబ్బిలి. చేత్తో తిరగేసినదైతే ‘లిబ్బిబొ’ అని ఉంటుంది, అక్షరాలు తిప్పితే చాలు.

సమస్య: ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా విడిపోతోంది

తాళం ఒక అంకె కాదు, ఒక మాట. ఆ మాటలోని అక్షరాలను బట్టి దూరం మారుతుంటుంది. చీటీలో గీత గీసిన మాట ఉంటే ముందు దాన్నే వాడి చూడండి.

సమస్య: మాట అర్థమైంది, నంబర్ తాళం తెరుచుకోవడం లేదు

హల్లులకు అంకెలిచ్చే పాత పద్ధతి కటపయాది ప్రయత్నించండి. క-ఝ 1 నుంచి 9, ట-ధ 1 నుంచి 9, ప-మ 1 నుంచి 5, య-హ 1 నుంచి 8. ఞ, న, విడి అచ్చులు సున్నా. జంట అక్షరంలో చివరి హల్లే లెక్క. పైడితల్లికి 1, 3, 6, 3 వస్తాయి. 1363 తిప్పితే తెరుచుకోదు, ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి: 3631.