మోటారు పాఠాలు – 4: గుయ్‌మంటుంది, తిరగదు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క: మోటారు స్లిప్ ఎంత, అంటే తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటర్ (లోపల తిరిగే భాగం) ఎంత వెనకబడుతుంది? 50 హెర్ట్జ్ సరఫరా, 4 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) మోటారు. 120ని 50తో హెచ్చించి 4తో భాగిస్తే క్షేత్రం వేగం నిమిషానికి 1500 చుట్లు. నేమ్‌ప్లేటు మీద ఉన్న రోటర్ వేగం 1440. తేడా 60, అంటే స్లిప్ 4 శాతం. స్లిప్ సున్నా అని రాసినవాళ్లు పాఠం ఇంకోసారి చదవండి. రోటర్ క్షేత్రంతో సమానంగా పరుగెత్తితే దాని కడ్డీల్లో కరెంటే పుట్టదు, కరెంటు లేకపోతే లాగే బలమూ ఉండదు.

ఆ మోటారుకి మూడు ఫేజులున్నాయి. మూడు కరెంట్లూ వంతులవారీగా ఎక్కి దిగుతాయి కాబట్టి క్షేత్రం దానంతటదే గుండ్రంగా తిరిగింది. ఇంట్లో ప్లగ్గుకి వచ్చేది ఒక్కటే ఫేజు. చిక్కంతా ఇక్కడే.

ఒక్క వైండింగ్‌లో (తీగచుట్టలో) ఏసీ కరెంటు పంపితే క్షేత్రం తిరగదు. ఒకే గీత మీద పెరిగి, తగ్గి, తలకిందులై, మళ్లీ పెరుగుతుంది. సైకిల్ పెడల్‌ని సరిగ్గా నిలువుగా పైకి పెట్టి, కాలితో నేరుగా కిందికి తొక్కి చూడండి. ఎంత బలం పెట్టినా పెడల్ తిరగదు. పెడల్‌ని కొంచెం ముందుకి జరిపితే ముందుకి, వెనక్కి జరిపితే వెనక్కి తిరుగుతుంది. మోటారుదీ దాదాపు ఇదే అవస్థ. ఆగి ఉన్న రోటర్‌ని రెండు వైపులా సమానంగా లాగుతుంటే అది ఎటు పోతుంది? గుయ్‌మంటూ వేడెక్కుతుంది. ఏదో ఒక వైపు వేగం అందుకున్నాక మాత్రం ఆ వైపు లాగుడే గెలుస్తుంది, ఇక ఆగదు.

మరి మొదటి తోపు ఎవరివ్వాలి? స్టేటర్‌లో (మోటారులో కదలని భాగంలో) ఇంకో వైండింగ్ పక్కకి జరిపి చుట్టి, దానికి వరసలో ఒక కెపాసిటర్ పెడతారు. మెకానిక్కులు కండెన్సర్ అంటారు, మనమూ అలాగే అందాం. కండెన్సర్ ఉన్న దారిలో కరెంటు మొదటి వైండింగ్ (రన్నింగ్ వైండింగ్) కంటే ముందే శిఖరానికి చేరుతుంది. అంటే క్షేత్రం మొదట ఇక్కడ బలపడి, తర్వాత పక్కన బలపడుతుంది. క్షేత్రం నడక మొదలైనట్టే. ఒకే ఫేజునుంచి రెండో ఫేజుని పుట్టించే ఈ ఉపాయం నాకు మోటారు మొత్తంలో అన్నిటికంటే ఇష్టం.

నేర్చుకునే రోజుల్లో ఇలా మూలిగే ఫ్యానుని మొత్తం విప్పి, బేరింగులు కడిగి, గ్రీజు పెట్టి, ఒక పూటంతా ఖర్చు చేసి బిగించాను. మళ్లీ అదే మూలుగు. పోయింది కండెన్సరే! సీలింగ్ ఫ్యాన్లలో అది సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ల చిన్న డబ్బా. వయసు మీదపడేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది. మొదట ఫ్యాను నెమ్మదిస్తుంది, తర్వాత తోస్తే గానీ కదలదు.

ఫ్యానులో కండెన్సర్ ఎప్పుడూ లైనులోనే ఉంటుంది. బరువుతో స్టార్ట్ కావాల్సిన కొన్ని మోటార్లలో పెద్ద కండెన్సర్ పెట్టి, వేగం అందుకోగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్‌తో దాన్ని తప్పిస్తారు. ఆగేటప్పుడు వినబడే 'టక్' ఆ స్విచ్‌దే.

కండెన్సర్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. అయినా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు. 10 వేల ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌ని దాని రెండు కాళ్ల మధ్య పది సెకన్లు ఆనించి, తర్వాత మీటరుతో వోల్టేజి చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూసే సరదా వద్దు.

ఇంటిపని: ఒక ఫ్యాను మోటారుకి మూడు వైర్లు. ఎరుపు, నీలం మధ్య 330 ఓములు, ఎరుపు, నలుపు మధ్య 150, నలుపు, నీలం మధ్య 180. రెండు వైండింగులూ కలిసే కామన్ వైరు ఏది? ఎలా చెప్పగలిగారు? ఇంకోటి, ప్లగ్గు తిప్పి పెడితే ఫ్యాను వెనక్కి తిరుగుతుందా? జవాబులు వచ్చే పాఠంలో, రెగ్యులేటర్ విప్పే ముందు.