కళావిద్య ప్రమాణాలపై ఊరి అభిప్రాయం ఎలా తీసుకోవాలి? దాన్ని ముసాయిదాలోకి ఎలా ఎక్కించాలి?

ఏ తరగతి పిల్లలకు కళల్లో ఏం రావాలో చెప్పే ప్రమాణాల ముసాయిదా పైనుంచి బడికి వస్తుంది. "ప్రజాభిప్రాయం సేకరించి వారంలోగా పంపండి" అని గ్రూపులో మెసేజ్ పడుతుంది. మర్నాడు మధ్యాహ్న భోజనం అయ్యాక నలుగురు తల్లులను వరండాలో కూర్చోబెట్టి, "పిల్లలకు కళలు ఉండాలి కదమ్మా?" అని అడుగుతారు. వాళ్లు తలూపుతారు. సంతకాలు, ఒక గ్రూప్ ఫొటో, పని అయిపోయింది. అనంతపురం వైపు బళ్లలో ఈ తంతు చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. సరిగ్గా చేస్తే ఇది పెద్ద కష్టమైన పని కాదు. ఒక్క చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అందరూ తప్పేది కూడా సరిగ్గా అక్కడే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ప్రమాణాలను మార్చే అధికారం బడికి గానీ, మండలానికి గానీ లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ ప్రకారం అది అకడమిక్ అథారిటీ పని, అంటే మన రాష్ట్రంలో ఎస్‌సీఈఆర్‌టీది (రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి). మన చేతిలో ఉన్నది సూచన ఒక్కటే. దాన్ని అక్కడ కూర్చున్న కమిటీ యథాతథంగా వాడుకోగలిగేలా రాసి పంపితే ఫలితం ఉంటుంది. "స్థానిక కళలకు ప్రాధాన్యం ఇవ్వాలి" అని పంపితే అది ఫైలులోనే ఉండిపోతుంది.

ముసాయిదాను ఒక పేజీకి కుదించండి

ఇప్పుడు వచ్చే ముసాయిదాలన్నీ 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పద్ధతిలోనే ఉంటాయి. పైన పాఠ్యక్రమ లక్ష్యాలు, వాటి కింద సామర్థ్యాలు, ఆ కింద అభ్యసన ఫలితాలు. దృశ్యకళలు, సంగీతం, నాటకం, నృత్యం అని నాలుగు పాయలు. ఇదంతా ఊళ్లో చదివితే ఎవరూ వినరు, వినకపోవడం వాళ్ల తప్పు కాదు. మీ బడిలో ఉన్న తరగతుల భాగం మాత్రమే తీసుకుని, వాడుక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక పేజీ చేయండి. రెండో పేజీ ఉండకూడదు. కన్నడ మాట్లాడే ఇళ్లున్న సరిహద్దు ఊళ్లలో కన్నడంలో కూడా ఒక పేజీ చేసుకోండి. ఇది ఒక సాయంత్రం పని.

ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ

బడి యాజమాన్య కమిటీలో (ఎస్‌ఎంసీ) నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ చట్టమే చెబుతోంది కాబట్టి వాళ్లను ఎలాగూ పిలుస్తారు. వాళ్లతోనే సరిపెట్టకండి. చెక్కభజన గురువు, గుడి ముందు కోలాటం నేర్పే అక్క, మగ్గం నేసే ఇంటి మనిషి, నాటకాలు ఆడించిన పెద్దాయన, ఆ బడిలోనే చదివి ఇప్పుడు ఇంటర్‌లో ఉన్న పిల్లలిద్దరు, వీళ్లంతా రావాలి. పార్ట్‌టైమ్ ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆయనను మర్చిపోవద్దు. రేపు ఈ ప్రమాణాలను మోయాల్సింది ఆయనే.

శెనక్కాయ విత్తే రోజుల్లో, పీకే రోజుల్లో పెట్టొద్దు. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున అసలే వద్దు. ఆ రోజు అందరి ధ్యాసా మార్కుల మీద, ఫొటోల మీద ఉంటుంది. హెచ్‌ఎం గదిలో వద్దు. రచ్చకట్ట దగ్గరో, చెట్టు కిందో కూర్చోండి. మైకు వద్దు, మైకు పట్టుకోగానే మనిషి ఉపన్యాసంలోకి దిగుతాడు. శాలువాలు, దండలు ఉంటే నేను రానని ముందే చెప్పేస్తాను. మీరూ చెప్పండి.

గూగుల్ ఫారం పెడితే సరిపోదా అని కుర్ర టీచర్లు అడుగుతుంటారు. సరిపోదు. "చాలా ముఖ్యం, ముఖ్యం, పర్వాలేదు" అని మూడు గడులు పెడితే అందరూ మొదటిదే నొక్కుతారు. ఆ వంద శాతం పట్టుకుని ఏ వాక్యాన్ని మారుస్తారు? పైగా ఫోను పిల్లల చేతిలో ఉంటుంది, తల్లి పేరుతో కొడుకే నింపేస్తాడు. భజన గురువుకు ఆ లింకు వచ్చిందన్న సంగతి కూడా తెలియదు. ఎదురెదురుగా కూర్చుని అడిగితేనే "అట్ల కాదు సార్, అది ఇట్ల" అనే మాట వస్తుంది. మనకు కావాల్సింది ఆ మాటే.

కాగితం మీద మూడు గడులు గీసుకోండి. అన్న మాట, ఏ తరగతి గురించి, అన్నది ఎవరు (తల్లి, కళాకారుడు, పూర్వ విద్యార్థి అని రాస్తే చాలు, పేర్లు అక్కర్లేదు). నీలం ఇంకు పెన్ను వాడండి, పెన్సిలు వద్దు. మాటను అన్నది అన్నట్టే రాయండి. "మా పిల్లోడు గుడికాడ కోలాటం ఇరగదీస్తాడు, బడికొస్తే ఆపిల్ బొమ్మ గీస్తాడు" అని ఒకామె అంటే అట్లే రాయాలి. "స్థానిక నృత్యరీతులను ప్రోత్సహించాలని కోరారు" అని మీరు సంస్కరించారంటే ఆమె చెప్పింది అక్కడితో చచ్చిపోయినట్టే.

మాటను ప్రమాణంగా మార్చడం

కష్టమైన మెట్టు ఇదే. హడావుడిగా చేయొద్దు, ఒక్కరే చేయొద్దు, మీటింగ్ జరిగిన రాత్రే చేయొద్దు.

కళారూపం పేరు ప్రమాణం కాదు. ఊరు ఎప్పుడూ పేరే చెబుతుంది. చెక్కభజన పెట్టండి, తోలుబొమ్మలాట పెట్టండి, లేపాక్షి బొమ్మలు నేర్పండి అంటారు. వాళ్లు అలా చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ మీరు అదే రాసి పంపితే పైవాళ్లు "స్థానిక కళలు (ఉదా: చెక్కభజన)" అని బ్రాకెట్లో పడేసి ఊరుకుంటారు. ఆ బ్రాకెట్టును క్లాసులో ఎవరూ పాఠంగా చెప్పరు. ఆ తరగతి పూర్తయ్యేసరికి పిల్ల ఏం చేయగలగాలి? రాయాల్సింది దీనికి జవాబు. అది తెలియాలంటే ఆ కళ తెలిసిన మనిషిని ఇంకో ప్రశ్న అడగాలి. "కొత్త పిల్ల వచ్చిందనుకోండి, ఆర్నెల్లకు ఏం వచ్చి ఉంటే సరేనంటారు?" అని.

తోలుబొమ్మలనే తీసుకోండి. ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. దాంతో మా వైపు ఎక్కడ అడిగినా "తోలుబొమ్మలు పెట్టండి" అనే మాట తప్పకుండా వస్తుంది. ముసాయిదాలో సాధారణంగా ఉండేది "విద్యార్థి స్థానిక జానపద కళలను గుర్తించి ప్రశంసించగలడు" అనే వాక్యం. ప్రశంసించాడో లేదో టీచరు ఎట్లా చూస్తాడు? తలూపితే మార్కు వేయాలా?

బొమ్మ చేసే మనిషిని కదిలిస్తే అసలు పని బయటికి వస్తుంది. మేకతోలును వెలుతురు దాటేంత పలచగా చేస్తారు. రెండు వైపులా రంగు వేస్తారు. నగలు, అంచులు రంగుతో కాకుండా ఉలితో కొట్టిన చిల్లులతో వస్తాయి, తెర వెనక దీపం పెట్టినప్పుడు మెరిసేవి అవే. ఇప్పుడు రాయండి: "ఎనిమిదో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అట్ట మీద ఒక పాత్రను గీసి, వెనక నుంచి వెలుతురు పడితే ఎక్కడ ఏం కనబడాలో ముందే ఊహించి చిల్లులు వేయగలరు, తెర మీద చూసుకుని సరిదిద్దుకోగలరు." దీన్ని టీచరు చూడగలడు. పిల్లకు కూడా తన పని ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. తోలు, ఉలి అక్కర్లేదు, అట్టముక్క, టార్చిలైటు చాలు. నిమ్మలకుంట పేరు వాక్యంలో లేకపోయినా అక్కడి పనితనం అందులో ఉంది. అదే వాక్యాన్ని శ్రీకాకుళంలో వేరే పదార్థంతో చేసుకోవచ్చు. రాష్ట్రం మొత్తానికి పనికొచ్చే వాక్యాన్ని కమిటీ తీసుకుంటుంది. ఒక్క ఊరికే పనికొచ్చే వాక్యమైతే పక్కన పెడుతుంది.

లేపాక్షి సంగతీ అంతే. "లేపాక్షి బొమ్మ గీయాలి" అంటే పిల్లలు ఫోనులో చూసి నంది బొమ్మ దించుతారు. లేపాక్షి గుడిలోని లతామండపం స్తంభాల మీద ఉన్న నమూనాలు చీరల అంచుల్లోకి ఎట్లా దిగాయో నేతపని తెలిసిన మనిషి చెబుతుంటే వినండి. ఒక చిన్న నమూనా ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి మొదలవుతుందో పట్టుకోవడం, దాన్ని అంచు పొడవునా తేడా లేకుండా నడపడం, అదీ అక్కడ నేర్చుకోవాల్సిన సామర్థ్యం.

ఇంకో జాగ్రత్త. చేతులెత్తించి లెక్కపెట్టి "అరవై మందిలో యాభై మంది కోలాటం కోరారు" అని రాయొద్దు. లెక్క పెడితే ఊళ్లో ఏ వీధి పెద్దదో, ఏ కులం ఎక్కువమందో అదే గెలుస్తుంది. ఒక్కరే చెప్పిన మాటలో మంచి ప్రమాణం ఉండొచ్చు. నేను ఒక్క మాటకీ, యాభై మాటలకీ ఒకే వరస ఇస్తాను.

కులం మాట వచ్చింది కాబట్టి డప్పు గురించి చెప్పాలి, ఎక్కువమంది దాటేసేది దీన్నే. బడిలో డప్పు నేర్పుదామని ఎవరో ఉత్సాహంగా అంటారు. వెనక వరసలోంచి ఒక తండ్రి "మా వాని చేతికి డప్పు ఇయ్యొద్దు సార్, సదువుకోను పంపిచ్చినాం" అంటాడు. దీన్ని "కొందరు వ్యతిరేకించారు" అని రాసేవాళ్లను చూశాను. ఆయన వ్యతిరేకించింది డప్పును కాదు. డప్పు మళ్లీ తన కొడుకు చేతికే వస్తుందనే భయం అది. ఆ భయానికి కారణం ఉంది, వార్షికోత్సవం రోజున డప్పు ఎవరి పిల్లలకు ఇస్తున్నారో చూడండి. ఆయన మాటను అట్లాగే ఉంచి, దానికి జవాబుగా ప్రమాణంలోనే ఒక షరతు రాయండి: "తరగతిలోని పిల్లలందరూ, ఆడామగా తేడా లేకుండా, వంతులవారీగా వాద్యం పట్టి ఒక దరువును బృందంతో కలిసి నిలపగలరు." అందరూ అన్న మాట లేకపోతే ఆ ప్రమాణాన్ని పంపనే వద్దు. నేర్పే కళాకారుడికి గౌరవ వేతనం ఇవ్వాలని పక్కనే సూచనగా రాయండి. ఉచితంగా వచ్చి నేర్పమనడం కూడా ఆ పాత పద్ధతే.

మొక్కుతో, దీక్షతో ముడిపడిన కళల దగ్గర చేయి వెనక్కి తీసుకోవాలి. కర్నూలు వైపు గొరవయ్యలు నల్ల కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ వేసుకుని, డమరుకం, పిల్లనగ్రోవితో ఆడేది మైలార లింగడనే దేవుడి పేరున. ఆ వేషం పిల్లలకు వేయించి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే గొరవయ్యలకు బాధ కలుగుతుంది. అక్కడ "చూసి, విని, అడిగి తెలుసుకున్నది తన మాటల్లో చెప్పగలరు" అన్నంత వరకే ప్రమాణం. డమరుకం లయను చేతి చప్పట్లతో పట్టుకోమనడం నా లెక్కలో సరే, కానీ వాళ్లను అడిగి వాళ్లు ఒప్పుకున్నాకే. ఆడపిల్లలు స్టేజీ ఎక్కడం ఇష్టం లేని ఇళ్లు కూడా ఉంటాయి. ప్రమాణం ప్రదర్శన గురించి కాదు, చేయగలగడం గురించి అని వాళ్లకు చెప్పండి. నాలుగ్గోడల మధ్య తరగతిలో చేసినా లెక్కలోకి వస్తుందని రాతలో కూడా ఉండాలి.

రాసిన ప్రతి వాక్యాన్నీ చివరికి ఒక టీచరు ముందు పెట్టండి. ప్రత్యేకంగా ఆర్ట్ టీచరు లేని బడి మాస్టారైతే మంచిది. వారానికి దొరికే ఆ పీరియడ్లలో, బడిలో ఉన్న సామానుతో ఇది అవుతుందా అని అడగండి. ఆయన నవ్వితే వాక్యం మార్చండి.

పంపడం, తిరిగి చెప్పడం

మిగతాదంతా తేలిక. ముసాయిదాలో ఉన్న పాత వాక్యం, మీరు ప్రతిపాదించే వాక్యం, దాని వెనకున్న ఊరి మాట, మూడూ ఒకే వరసలో పెట్టండి. ప్రాథమిక, మాధ్యమిక లాంటి ఒక్కో దశకు నాలుగైదు సూచనలు మించొద్దు. ఎంఈవో (మండల విద్యాధికారి) ద్వారా ఒక కాపీ, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కు ఒక కాపీ. మూడోది ఎస్‌ఎంసీ మినిట్స్ పుస్తకంలో అతికించండి. ఫొటోలు అడిగితే ఒకటి పంపండి, చాలు.

తుది ప్రమాణాలు వచ్చాక మీ మూడో కాపీ తీసి, తర్వాతి ఎస్‌ఎంసీ మీటింగ్‌లో పక్కపక్కన పెట్టి చదవండి. ఆ రోజు మాట్లాడిన కళాకారులను మళ్లీ పిలవండి. తీసుకోని సూచనలు ముందు చదవాలి, కారణం తెలిస్తే చెప్పాలి. తుది ప్రమాణాలు ఇంకా రాకపోతే "రాలేదు" అనే చదివి, ఆ సంగతి కూడా తేదీ వేసి మినిట్స్‌లో రాయించండి.